టంకం వేసిన పాలడబ్బా

మా తమ్ముడికీ నాకూ డబ్బు సంగతులు నేర్పింది మా మేనత్త. నాకు ఏడేళ్ళు, వాడికి అయిదు ఉన్నప్పుడు మొదలుపెట్టి, నాకు పదిహేడు వచ్చేదాకా నేర్పింది. చూసినవాళ్ళంతా ఎంత ఓపిక, అన్న పిల్లలంటే ఎంత ప్రేమ అనేవాళ్ళు. ప్రేమ ఉన్నమాట నిజం. ఓపికకు మాత్రం వేరే కారణం ఉంది. అది నాకు అర్థమైంది ఒక శనివారం పొద్దున, మూసి ఉన్న దుకాణం మెట్ల మీద.

అత్త కథ ఆమె పంతొమ్మిదో ఏట దగ్గర మొదలుపెట్టాలి. అంతకుముందు ఆమె అందరిలాంటి అమ్మాయే. నర్సు కావాలని కోరిక. శిక్షణకు చేరాలంటే ఫీజు తనే కట్టుకోవాలని ఇంట్లో చెప్పేశారు. రెండేళ్ళపాటు ఇంట్లో కూర్చుని చొక్కాలకు గుండీలు కుట్టి, వచ్చిన నాణేలు ఒక పాలపొడి డబ్బాలో వేసింది. తన చెయ్యిని తనే నమ్మలేక, ఎప్పుడైనా మూత తీసి గాజులో రిబ్బనో కొనుక్కుంటానేమోనని భయపడి, మూతకు టంకం వేసి పైన ఒక చీలిక కొయ్యమని అన్నను అడిగింది. ఆ అన్న మా నాన్న. అప్పటికి మోటార్లు బాగుచేసే షాపులో పని నేర్చుకుంటున్నాడు. శుభ్రంగా, వెండిపోత పోసినట్టు టంకం వేసి ఇచ్చాడు.

ప్రతి ఆదివారం అత్త డబ్బాను వంటింటి త్రాసులో పెట్టి తూచేది. ఎంత తూగిందో తలుపు వెనక గోడ మీద పెన్సిలుతో రాసుకునేది. వారం వారం అంకె పెరుగుతుంటే చూసుకుని మురిసేది. తూకం పెరుగుతోందంటే డబ్బు పెరుగుతోందన్నమాటే కదా అనుకుంది.

ఫీజు కట్టే రోజున డబ్బాను ఇంట్లో తెరవలేదు. ఎందుకు తెరవలేదని నేను అడిగితే, ‘గర్వం’ అని ఒక్కమాటే చెప్పింది. రెండేళ్ళ కష్టాన్ని కౌంటరు మీద అందరూ చూస్తుండగా తెరవాలనుకుంది. డబ్బా చంకన పెట్టుకుని, కోసే కత్తి సంచిలో వేసుకుని నడిచి వెళ్ళింది. వరసలో తన వంతు వచ్చాక మూత కోసి కౌంటరు మీద ఒంపింది.

పైన ఉన్న చివరి రెండు వారాల నాణేలు నిజమైనవి. వాటి కింద ఉన్నవన్నీ ఇనప వాషర్లు. తూకంలో గింజంత తేడా రాకుండా ఏరి వేసినవి.

గుమాస్తా ఒక వాషరును వేళ్ళ మధ్య పట్టుకుని, దాని చిల్లులోంచి అత్తను చూసి, ఇది ఏ దేశం డబ్బమ్మా అని అడిగాడట. వరస వరసంతా నవ్వింది. అత్త ఆ వాషర్లన్నిటినీ ఒక్కటి కూడా వదలకుండా ఏరి, డబ్బాలో పోసుకుని ఇంటికి వచ్చింది.

ఇంట్లో నాన్న తనకేం తెలియదన్నాడు. ఒట్టు వేశాడు. ఆ ముందు నెలలోనే ఆయన సొంతంగా షాపు పెట్టుకోవడానికి అడ్వాన్సు కట్టాడు, ఆ డబ్బు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. ఇంటి గుట్టు వీధిన పడకూడదన్నారు పెద్దవాళ్ళు. ఆడపిల్ల చదువు ఆగితే గుట్టు, మగపిల్లవాడు దొంగ అంటే రట్టు.

అంతటితో పోయి ఉంటే అత్త ఏనాటికో మరిచిపోయేదేమో. నాన్న మరవనివ్వలేదు. ఆయన మాటకారి. నలుగురు చేరితే ఏదో ఒకటి చెప్పి నవ్వించకపోతే ఆయనకు తిన్నది అరగదు. పెళ్ళిలో, షాపులో, చుట్టాలింట్లో ఆయన చెప్పే జోకు ఒకటుంది. ‘మా చెల్లెలు దాచీ దాచీ, బయటి గాలి తగలక, పాపం నాణేలకే బెంగ పుట్టి మధ్యలో చిల్లు పడింది.’ అందరూ పగలబడేవాళ్ళు. షాపులో పనివాళ్ళు అత్తకు ‘వాషరమ్మ’ అని పేరు పెట్టారు. ఆ పేరు మా వీధి దాకా వచ్చింది.

అత్త ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. చేసిందల్లా ఒకటే, ఆ రోజు నుంచి ఆయన్ని అన్నయ్యా అని పిలవడం మానేసింది. మేం పుట్టాక ‘మీ నాన్న’ అనేది. ఏదైనా చెప్పాల్సివస్తే ఆయన ఎదురుగా ఉన్నా సరే, మాలో ఒకరి వైపు చూసి, మీ నాన్నకు చెప్పు అనేది.

చొక్కాలు కుట్టే కార్ఖానాలో కాజాలు కుట్టే పనిలో చేరింది. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంటి మేడ మీద ఒక్క గది, ఒక కుట్టుమిషను, ఒక మంచం, గోడకు ఒక చెక్క అల్మరా. మా అమ్మ టెలిఫోను ఆఫీసులో సాయంత్రం షిఫ్టు చేసేది. బడి వదిలాక మేం ఆ గదిలోనే పెరిగాం.

అక్కడే మా పాఠాలు. అత్త మాకు చెరొక గాజుసీసా ఇచ్చింది. డబ్బు గాజులోనే ఉండాలి, ఎప్పుడూ కళ్ళెదుట ఉండాలి, మూత ఎవరైనా తియ్యగలిగేలా ఉండాలి. ‘కనపడని డబ్బు మీది కాదు’ అనేది. కార్ఖానా నుంచి తెచ్చిన గుండీలను రంగుల వారీగా వేరుచేస్తే వందకొక నాణెం ఇచ్చేది. అడిగినందుకు మాత్రం ఒక్కటి కూడా ఇచ్చేది కాదు. ఆదివారం మంచం మీద దుప్పటి పరిచి సీసాలు ఒంపి, పదేసి దొంతర్లుగా పేర్చి లెక్క చూపించాలి.

ఇంకో ఆట ఉండేది. కళ్ళు మూసుకోమని, ఒక అరచేతిలో నాణెం, ఇంకో అరచేతిలో వాషరు పెట్టేది. ఏది డబ్బో చెప్పమనేది. వేలితో తడమకూడదు, బరువు చూసి చెప్పాలి. ఎప్పుడూ తప్పేవాళ్ళం. తప్పినప్పుడు ఆమె మొహంలో అదోరకమైన తృప్తి కనిపించేది. ‘చూశారా, బరువును నమ్మకూడదు. కంటితో చూడాలి.’ ఆ వాషరు ఎక్కడిదో మాకు చాలా ఏళ్ళు తెలియదు.

తమ్ముడు ఒకసారి సీసా మొత్తం ఖాళీ చేసి, రంగు గాజుముక్కలు తిరిగే గొట్టం ఒకటి కొన్నాడు. రెండో రోజుకే విరిగింది. అత్త తిట్టలేదు. విరిగిన గొట్టాన్ని ఖాళీ సీసాలో పెట్టి, నెలరోజులపాటు అల్మరా మీద వాడి కళ్ళెదుటే ఉంచింది. వాడు మళ్ళీ గుండీలు ఏరడం మొదలుపెట్టాడు.

అప్పు పాఠం అన్నిటికన్నా గట్టిది. తాకట్టు లేకుండా ఎవరికీ ఇవ్వకూడదు, ఎంత దగ్గరివాళ్ళయినా సరే. మాట తప్పినవాళ్ళకు మళ్ళీ అప్పు పుట్టకూడదు. నేనొకసారి తమ్ముడి దగ్గర తీసుకున్న నాణెం ఆదివారానికి తిరిగి ఇవ్వలేదు. వాడు ఏడాదిపాటు నాకు చిల్లిగవ్వ ఇవ్వలేదు. నేను ఏడ్చుకుంటూ అత్త దగ్గరకు వెళితే, వాడి తప్పేముందే అని మిషను తొక్కుకుంటూ కూర్చుంది.

నాన్నకు మా సీసాల మీద చెయ్యి వేసే అలవాటుంది. ఆయన అందరి దగ్గరా అప్పు చేసేవాడు, అందరికీ అప్పిచ్చేవాడు, రెండూ నవ్వుతూనే. ఒకరోజు తమ్ముడి సీసా మూత తీస్తుంటే, అప్పటికి ఎనిమిదేళ్ళవాడు, తమ్ముడే అడ్డం వచ్చి, తాకట్టు ఏం పెడతావు నాన్నా అని అడిగాడు. నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. జేబులో దువ్వెన ఇచ్చాడు. వారం దాటినా డబ్బు తిరిగి రాలేదు, దువ్వెనా తిరిగి వెళ్ళలేదు, ఆయన చింపిరి జుట్టుతో షాపుకు వెళ్ళాడు. రెండోసారి ఎడమకాలి చెప్పు ఇచ్చాడు. మూడోసారి తమ్ముడు ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే పసుపుపిడి స్క్రూడ్రైవరు అడిగాడు. అది లేకపోతే ఆయనకు చెయ్యి లేనట్టే. ఆ సాయంత్రానికల్లా డబ్బు సీసాలో పడింది.

ఆ రోజు తమ్ముడు గొప్పగా ఆ సంగతి చెబుతుంటే అత్త మిషను ఆపి మరీ విన్నది. స్క్రూడ్రైవరు పిడి రంగు కూడా అడిగి తెలుసుకుంది. నాకది అప్పుడు వింతగానే అనిపించింది.

నాకు పదిహేడో ఏడు నడుస్తుండగా నాన్న షాపుకు గండం వచ్చింది. భవనం యజమాని ఏడాది అద్దె ఒక్కసారిగా ముందే కట్టమన్నాడు. శనివారం మధ్యాహ్నం పన్నెండుకల్లా ఏజెంటు ఆఫీసులో కట్టకపోతే పక్కనున్న టైర్ల వ్యాపారికి ఇచ్చేస్తానన్నాడు. నాన్న ఊరంతా తిరిగాడు. ఇన్నేళ్ళు నవ్వించిన వాళ్ళలో ఒక్కడు కూడా జేబులో చెయ్యి పెట్టలేదు.

పదేళ్ళుగా మా సీసాలు నిండి, బ్యాంకులో మా పేర్ల మీద చేరి, అద్దెలో ముప్పాతిక వంతు అయ్యాయి. బుధవారం సాయంత్రం నాన్న మెట్లెక్కి అత్త గదికి వచ్చాడు. ఆ గదిలో ఆయన అడుగుపెట్టడం నేను చూడటం అదే మొదటిసారి. గుండీల బుట్ట పక్కన స్టూలు మీద కూర్చుని, నన్నూ తమ్ముణ్ణీ అడిగాడు. కింద నుంచి అమ్మ కూడా వచ్చి, ఈ ఇల్లు తింటున్నది ఆ షాపు మీదే, ఆలోచించండి అంది.

మేం అత్త వైపు చూశాం. ఆమె పంటితో దారం తెంపి, మీ డబ్బు మీ ఇష్టం అంది. ఇద్దామని మాకూ ఉంది. కానీ తాకట్టు పెట్టడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు.

అప్పుడు అత్త నాతో చెప్పింది. “తాకట్టు లేనప్పుడు షరతు పెట్టుకోవచ్చు. మీ నాన్నకు చెప్పు. తక్కువ పడ్డది నేను చూస్తాను. మొత్తం నాణేలుగా మార్చి, డబ్బాలో వేసి, టంకం వేయించి ఇస్తాం. ఏజెంటు కౌంటరు మీద పెట్టాకే తెరవాలి. దారిలో తెరిస్తే డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. అంతే.”

నాన్న మొహంలోంచి రక్తం దిగిపోయింది. తరవాత తేరుకుని, ఇంతేనా, ఇదేం షరతు అని నవ్వాడు. నవ్వు అతకలేదు.

ఆయన కిందికి వెళ్ళాక, స్క్రూడ్రైవరు అడిగి తీసుకోనా అత్తా అన్నాను. జాగ్రత్త కోసమే అన్నాను.

“వద్దు,” అంది అత్త. “అది ఆయన జేబులోనే ఉండనీ.”

శుక్రవారం నేను కాలేజీలో, తమ్ముడు బడిలో ఉన్నప్పుడు బ్యాంకు నుంచి తెచ్చిన డబ్బును అత్త డబ్బాలో వేసింది. డబ్బాలు అతికే మనిషిని గదికే పిలిపించి టంకం వేయించింది. పొడుగాటి బిస్కెట్ల డబ్బా అది. చంటిపిల్లంత బరువుంది.

శనివారం పదిన్నరకు నాన్నా నేనూ బయలుదేరాం. మొదటి వీధిలో ఆయన ఏవో కబుర్లు చెప్పాడు. రెండో వీధి మొదట్లో చంక మార్చుకున్నాడు. కబుర్లు ఆగిపోయాయి.

వేసేటప్పుడు నువ్వు చూశావా అని అడిగాడు. చూడలేదన్నాను. తమ్ముడు చూశాడా? వాడూ చూడలేదు. బ్యాంకు నుంచి తేవడమైనా చూశావా? అత్తే తెచ్చిందన్నాను. ఆయన డబ్బాను కొంచెం ఊపాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ ఊపాడు. గలగలా మోగింది. మోతకేముంది, ఏది వేసినా మోగుతుంది.

ఆఫీసులో ఎంతమంది ఉంటారని నన్నే అడిగాడు. శనివారం కదా, వరస ఉంటుందేమో అన్నాను. ఆయన మెడ మీద చెమట గీతలుగా దిగింది. ఎదురుపడ్డ మనుషుల్ని దొంగచూపులు చూస్తున్నాడు. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకుండానే భుజాలు తడుముకునే మనిషిని నేను చూసింది అప్పుడే.

మూడో వీధి మలుపులో ఒక గడియారాల దుకాణం మూసి ఉంది. దాని మెట్ల మీద కూలబడ్డాడు. డబ్బా మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. చెయ్యి తనంతట తానే జేబు దగ్గరకు వెళ్ళింది.

“నాన్నా, వద్దు.”

“ఒక్క మూల. చూసి మూసేస్తాను.”

పసుపుపిడి స్క్రూడ్రైవరు టంకం కిందకు దూరింది. నాకు చూడాలనిపించలేదు, చూడకుండా ఉండలేకపోయాను. మూత మూల పైకి లేచింది. ఆయన వేళ్ళు లోపలికి పెట్టి, అడుగు దాకా కెలికి, గుప్పెడు పైకి తీశాడు.

అన్నీ నాణేలే. కొత్తవి, పాతవి, తళతళలాడేవి, మాసినవి. ఒక్కదానికీ చిల్లు లేదు.

ఆయన ఊపిరి వదిలి నవ్వాడు. అంత హాయిగా నవ్వడం ఆ వారంలో అదే మొదటిసారి. తరవాత టైము చూసుకుని, దగ్గరకు జరిగి, మెల్లగా చెప్పాడు.

“మీ అత్తకు చెప్పకమ్మా. షాపుకు పోయి టంకం నేనే మళ్ళీ వేసేస్తాను. పావుగంట పని. బ్రహ్మదేవుడు కూడా కనుక్కోలేడు.” ఇంకా నమ్మకం కలగాలని కాబోలు, కన్ను గీటాడు. “రెండేళ్ళు తూచింది చూడు, వారం వారం. ఏడుసార్లు తెరిచాను. ఒక్కసారైనా పట్టుకుందా?”

ఆయన గొంతులో ఉన్నది పనివాడి గర్వం. తను చేసిన మంచి పని ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేక దాచుకున్నవాడి గర్వం. ఇన్నేళ్ళూ పెళ్ళిళ్ళలో, షాపులో నవ్విన నవ్వులన్నీ నాకు ఒక్కసారి వినపడ్డాయి. వాటిలో నా నవ్వు కూడా ఉంది. చిన్నప్పుడు ఆ జోకుకు నేనూ నవ్వేదాన్ని.

నేను డబ్బా తీసుకున్నాను. ఆయన చేతిలో ఉన్న గుప్పెడు కూడా అడిగి తీసుకుని అందులో వేశాను.

“అమ్మడూ, పన్నెండు కొడితే షాపు పోతుంది.”

“తెలుసు నాన్నా. దారిలో తెరవకూడదని మనం అనుకున్నాం.”

వెనక్కి తిరిగాను. ఆయన నాలుగడుగులు వెంట వచ్చాడు, తరవాత రాలేదు. ఇల్లు చేరేదాకా ఆ బరువు నా నడుముకు ఒరుసుకుంటూనే ఉంది.

అత్త మిషను మీద ఉంది. నన్ను చూసి లేవలేదు.

“ఎక్కడ?” అని అడిగింది.

గడియారాల దుకాణం మెట్ల మీద అని చెప్పాను. టంకం మళ్ళీ వేస్తానన్నాడని చెప్పాను. ఏడుసార్లు తెరిచాడట అని కూడా చెప్పాను.

ఆమె కాలు మిషను మీద ఆగింది. తనలో తను లెక్కపెట్టుకున్నట్టు, ఏడుసార్లా అంది. లేచి మంచం మీద దుప్పటి పరిచింది. నేనూ తమ్ముడూ ఒంపి పదేసి దొంతర్లు పేర్చాం. సరిగ్గా ఏడాది అద్దె. మా డబ్బు తీసేస్తే మిగిలిన పావు వంతు అత్తది. మధ్యాహ్నం తిండి మానేసి, కాజాకు కాజా కుట్టి కూడబెట్టుకున్నది. ఆఫీసు దాకా ఓర్చుకుని ఉంటే అదీ ఆయనదయ్యేది. ఆ పందెం ఆమె నిజంగానే కాసింది. ఓడినా ఫరవాలేదనుకుని కాసిందో, ఓడనని తెలిసే కాసిందో, స్క్రూడ్రైవరును జేబులో ఉంచమన్న మనిషిని నేను అడగలేదు.

తన వాటా తీసి పక్కన పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ అంది, “నేను కౌంటరు దాకా మోశాను. అన్నయ్య సగం దారి కూడా మోయలేకపోయాడు.”

ఆమె నోట ఆ పిలుపు నేను వినడం అదొక్కసారే.

షాపు టైర్లవాడికి వెళ్ళిపోయింది. నాన్న పద్నాలుగేళ్ళు ఇంకొకరి షాపులో జీతానికి పనిచేశాడు. అమ్మ నాతో నెలరోజులు మాట్లాడలేదు, అత్తతో మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు. ఇల్లు గడవడానికి మా డబ్బే రెండేళ్ళపాటు కాస్తకాస్తగా కరిగింది. అలా ఇవ్వడానికి అత్త ఏ షరతూ పెట్టనివ్వలేదు, అమ్మ చేతికే ఇమ్మంది. నాణేలకు బెంగపుట్టి చిల్లు పడ్డ జోకు మా ఇంట్లో గానీ బయట గానీ మళ్ళీ ఎవరూ వినలేదు. చేసిన పని తప్పా ఒప్పా అని ఈ వయసులో కూడా అప్పుడప్పుడూ తూచుకుంటాను. అత్త చెప్పినట్టు, తూకాన్ని నమ్మలేను.

ఆ శనివారం తరవాత వచ్చిన సోమవారం పొద్దున అత్త మంచం కింద నుంచి ఒక పాత పాలపొడి డబ్బా లాగింది. మూత కోసిన అంచులు తుప్పు పట్టి ఉన్నాయి. దాన్ని నా చేతిలో పెట్టి, “మీ నాన్నకు ఇవ్వు. ఇవి ఆయనవి. అన్నీ ఉన్నాయో లేదో లెక్క చూసుకోమను,” అంది.

నాన్న కింద గదిలో నేల మీద కూర్చుని ఉన్నాడు. డబ్బా చూడగానే గుర్తుపట్టాడు. విసిరికొడతాడనుకున్నాను. కొట్టలేదు. నేల మీద ఒంపి, మేం చేసినట్టే, పదేసి దొంతర్లు పేర్చడం మొదలుపెట్టాడు. చివరి దొంతర దగ్గర ఆగి, డబ్బా అడుగు తడిమి చూశాడు.

“ఒకటి తక్కువుంది,” అన్నాడు.

ఇరవై ఏళ్ళు దాటినా ఆ లెక్క ఆయనకు గుర్తుంది. అత్త మా ఆట కోసం దాచిన ఆ ఒక్కటీ ఇప్పుడు నా గాజుసీసాలో ఉంది, నా మనవరాలు కళ్ళు మూసుకున్నప్పుడు అరచేతిలో పెట్టడానికి.